లిఫ్టు గొయ్యిలో తేనెపట్టు

అల్లుడుగారికి, ఆరు మేడలు కట్టి ఒక్కటీ కూల్చని మామ దీవించి రాయిస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు మినహా మీ అత్తయ్య కూడా క్షేమం. మీరు పంపిన పార్శిలు మంగళవారం చేరింది. పెట్టె నా మోకాలెత్తు ఉంది, మొయ్యడానికి మనిషి సాయం కావాలని కింది వాటాలో ఉన్న దర్జీని కేకేశాను. ఆయన వచ్చేలోగా మీ అత్తయ్య దాన్ని ఒంటిచేత్తో ఎత్తి బల్లమీద పెట్టేసింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. బరువులేని వస్తువునీ, బరువులేని మనిషినీ నేను జన్మలో నమ్మలేదు.

విప్పి చూద్దును కదా, అల్యూమినియం దిమ్మ, దాని నిండా చిల్లులే! చిటికెన వేలు పట్టేంత చిల్లులు, ఒక్కోదానికి ఆరేసి మూలలు, పైనుంచి కిందిదాకా. లెక్కపెడదామని కూర్చున్నాను, మూడొందలు దాటాక కళ్ళు తిరిగి లేచాను. చిల్లుకీ చిల్లుకీ మధ్య గోడ ఉందా అంటే ఉంది, దానికంటే ఉల్లిపొర నయం. పైన 'తేనెపట్టు దిమ్మ' అని చీటీ అంటించారు. తేనె లేకపోతే పోనీ, పట్టయినా ఉండొద్దా?

అదీ సరిపెట్టుకున్నాను. కానీ పైభాగమంతా నలిగిపోయి ఉంది. దారిలో నలిగిందంటారేమో, పెట్టెమీద గీత కూడా పడలేదు. నలభై ఏళ్ళు తాపీ పట్టినవాణ్ణి అల్లుడుగారూ, పగిలిన ఇటుకని లోపలికి తిప్పి పేర్చి అమ్మేవాళ్ళని ఎంతమందిని చూశానో. ఇది వాడేసిన సరుకు.

మా లిఫ్టు తాడు తెగుతుందని పెళ్ళైన దగ్గర్నుంచీ మీరు పాడిందే పాడుతున్నారు. ఆ లిఫ్టు ఒకప్పుడు గోదాములో సామాన్లు మోసింది. గోదాము మూతబడితే నేనే కొన్నాను, నేనే ఈ మేడకి బిగించాను. ఇరవై ఏళ్ళుగా మమ్మల్ని నాలుగో అంతస్తుకి మోస్తోంది. అయినా అల్లుడి ముచ్చట కాదనడమెందుకని, లిఫ్టు గొయ్యిలో ఏదో పెట్టమంటే సరే అన్నాను. పెట్టడానికి పంపే వస్తువు ఇదా?

ఉంటాను మరి,
మీ మామయ్య

తా.క.: బాబూ, ఇది అత్తయ్యని. ఆయన వేళ్ళు సిమెంటు తిని తిని కలం పట్టవు కాబట్టి చెప్పేది ఆయన, రాసేది నేను. మీ ఉత్తరాలు చదివి వినిపించేదీ నేనే. 'వాడేసిన సరుకు' అని ఉన్నచోట ఆయన చెప్పిన మాట వేరు. అది రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

*

పూజ్యులు మామయ్యగారికి, అల్లుడు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మీ అమ్మాయీ నేనూ బాగున్నాం. దిమ్మ పైభాగం దారిలో నలగలేదండీ. నేనే నలగ్గొట్టి పంపాను.

కోప్పడకుండా వినండి. మా పరీక్షల గదిలో ఒక పెద్ద ప్రెస్సు ఉంది. వస్తువుల్ని అందులో పెట్టి నలగ్గొట్టి, అవి ఎలా నలిగాయో రాసుకోవడమే నా ఉద్యోగం. ఈ దిమ్మ మీద బరువు పడితే ఆ పల్చటి గోడలు మడతమీద మడతగా, పొరపొరగా కిందికి కూలుతూ వస్తాయి. అలా కూలుతున్నంతసేపూ ఒకే బలంతో ఎదురు నిలుస్తాయి. అయితే కొత్త దిమ్మ మొదటి మడత పడేదాకా మొండికేస్తుంది. ఆ మొండితనం తాలూకు దెబ్బ పైన ఉన్న మనిషికి తగులుతుంది. అందుకని మొదటి మడత మేమే ముందుగా వేసి పంపుతాం. దాని తీరు మీకు తెలియాలని గ్రాఫు కూడా జతచేశాను.

తాడు తెగి లిఫ్టు పడిందనుకోండి. ఆ విసురు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. దిమ్మ నలిగితే దిమ్మలో ఖర్చవుతుంది, నలగకపోతే అత్తయ్యగారి మోకాళ్ళలో. లిఫ్టు బరువు, ఎక్కేవాళ్ళ బరువు, పడే ఎత్తు, మూడూ కలిపి లెక్కకట్టి ఇది మీకోసమే చేశాను. మొదటి అంతస్తు ఎత్తు నుంచి పడితే కాపాడుతుంది. నాలుగో అంతస్తు నుంచి పడితే నా లెక్కలు చాలవు, కాబట్టి ముందు ఆ తాడు మార్పించండి.

చిల్లులు పైకి ఉండేలా పెట్టాలి, నలిగిన వైపు కూడా పైకే. ఇంకొక్క మాట. ఒకసారి నలిగింది మళ్ళీ పనికిరాదు. దాన్ని తీసేసి కొత్తది పెట్టాలి.

వినయంతో,
మీ అల్లుడు

తా.క. (అత్తయ్యగారికి మాత్రమే): తాడు మార్చేదాకా మీరు లిఫ్టు ఎక్కకండి. మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పులే పుడతాయి, విరగవు.

*

కూలగొట్టి జీతం తీసుకునే అల్లుడుగారికి, కట్టి తీసుకున్న మామ ఆశీస్సులు.

మీ ఉత్తరం మీ అత్తయ్య రెండుసార్లు చదివింది, నేను రెండుసార్లూ చెవులు దులుపుకున్నాను. కొత్త వస్తువుని నలగ్గొట్టి పంపానని ఇంత ధైర్యంగా చెప్పిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. రేపు మీరు చొక్కా కొనిస్తే మోచెయ్యి ముందే చింపి ఇస్తారా?

మా అమ్మాయిని ఎలాంటి ఉద్యోగస్థుడికి ఇచ్చానో నాకిప్పుడు తెలిసింది. నేను కట్టింది కూలితే జైల్లో పెడతారు. మీరు చేసింది కూలకపోతే మీ పైవాళ్ళు చివాట్లు పెడతారన్నమాట! గ్రాఫు మాత్రం బాగుంది. గీత కాస్త లేచి, తర్వాత చివరిదాకా రసమట్టం పెట్టి గీసినట్టు సమంగా పోయింది. అది గీసినవాడికి తాపీ పని వచ్చి ఉంటుంది, ఎవరో కనుక్కోండి.

సరే, అల్లుడు పంపింది పారేస్తే బాగుండదని దిమ్మని నేనే బాగుచేశాను. సిమెంటు పాలలా జారుగా కలిపి, ఒక్కో చిల్లులో పోసి, గాలి బుడగ లేకుండా తట్టి తట్టి నింపాను. నలిగిన పైభాగం చెక్కేసి నున్నగా గిలాబు చేశాను. వారం రోజులు నీళ్ళు పట్టాను. ఇప్పుడది దిమ్మ అంటే దిమ్మ! సమ్మెటతో కొడితే సమ్మెట ఎగిరి నా గడ్డానికి తగలబోయింది. నలుగురం మోకులు కట్టి లిఫ్టు గొయ్యిలోకి దింపాం. ఇక తాడు తెగినా, ఆకాశం ఊడిపడ్డా దానికి బీట కూడా పడదు. మీ అత్తయ్యని నిశ్చింతగా ఎక్కమన్నాను.

ఇట్లు,
నిలబెట్టడం మాత్రమే తెలిసిన మీ మామయ్య

తా.క.: బాబూ, నేను మెట్లే ఎక్కుతున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, వ్యాయామం చెయ్యమన్నారని చెప్పాను. ఆయన అడగలేదు కానీ నాకో సందేహం. సమ్మెట ఎగిరినట్టే లిఫ్టులో ఉన్న మనిషీ ఎగురుతాడా?

*

పూజ్యులు మామయ్యగారికి, అల్లుడు కంగారుగా నమస్కరించి రాస్తున్నది.

మామయ్యగారూ, దయచేసి ఆ దిమ్మని గొయ్యిలోంచి తీసెయ్యండి. ఇవాళే తీసెయ్యండి. మీరు నింపినవి చిల్లులు కావు, ప్రాణాలు కాపాడే ఖాళీ. గోడలు మడతపడాలంటే పక్కన చోటుండాలి కదండీ! ఆ చోటంతా సిమెంటుతో నింపేస్తే ఇంకెక్కడికి మడతపడతాయి? ఇప్పుడది రాయి. రాయిమీద పడేకంటే ఊరికే గొయ్యిలో పడటం మేలు, మోకాలెత్తు ఎక్కువ కిందికి పడినా సరే... లేదు, అదీ మేలు కాదు, అలా పడొద్దు. కంగారులో ఏదో రాశాను.

మీ పనిలోంచే చెబుతాను. కిందినుంచి విసిరిన ఇటుకని మీరు పైన ఎలా అందుకునేవారు? చేతులు బిగించి అడ్డం పెట్టేవారా? లేదు కదా. ఇటుక అందగానే దాంతోపాటు చేతులు వెనక్కి తీసుకునేవారు. చెయ్యి ఎంత దూరం వెనక్కి పోతే దెబ్బ అంత తగ్గుతుంది. ఈ దిమ్మ చేసేదీ అంతే. లిఫ్టుని అందుకుని, తను కిందికి కుంగుతూ ఆపుతుంది. మీరు నలభై ఏళ్ళు చేసిన పనే, అది ఒక్కసారి చేస్తుంది.

ఇంకో దిమ్మ పంపుతున్నాను. దయచేసి ఇందులో ఏమీ పొయ్యకండి. సిమెంటు, ఇసుక, సున్నం, మట్టి, మైనం ఏవీ పొయ్యకండి.

ప్రార్థిస్తూ,
మీ అల్లుడు

తా.క. (అత్తయ్యగారికి మాత్రమే): అవునండీ, మనిషీ ఎగురుతాడు. మీరు అడిగిన ప్రశ్న మా గదిలో కొత్తగా చేరినవాళ్ళకి ఆర్నెల్లకి గాని తట్టదు.

*

ఇటుకలు అందుకోవడం నాకు నేర్పబోయిన అల్లుడుగారికి, తాతకి దగ్గులు నేర్పొద్దని చెబుతూ మామ దీవెనలు.

ఇటుకకి చెయ్యి దింపాలని నాకు చెబుతున్నారు! మీరు పుట్టకముందే నేను రెండో అంతస్తులో నిలబడి, వేలికి గాటు లేకుండా రోజుకి రెండువేలు అందుకున్నాను. కానీ నేను చెయ్యి దింపి పట్టుకున్నది ఇటుక పగలకూడదని. నా చెయ్యి మాత్రం గట్టిదే.

సరే, మాటలతో పనేముంది, పదిమందిలో పరీక్ష పెడదామనుకున్నాను. ఆదివారం ఉదయం మేడలో ఉన్నవాళ్ళందర్నీ వాకిట్లోకి పిలిచాను. మొదటి అంతస్తు పళ్ళ డాక్టరు కూడా వచ్చారు, చదువుకున్న మనిషి సాక్షిగా ఉంటే మంచిదని ఆయనకి కుర్చీ వేయించాను. నా సిమెంటు దిమ్మ ఒకవైపు, మీ కొత్త దిమ్మ ఒకవైపు. డజను కోడిగుడ్లు తెప్పించి, గుండెలెత్తు నుంచి ఒక్కొక్కటే వదిలాను.

నా దిమ్మమీద ఆరూ పగిలాయి. దాచుకోను, నాది రాయే. మరి మీ మెత్తటి, కుంగే, ప్రాణాలు కాపాడే దిమ్మమీద ఎన్ని పగిలాయో చెప్పమంటారా? ఆరుకి ఆరూ పగిలాయి! ఒక్క చిల్లు గోడయినా కనీసం మర్యాదకి వంగిందా? లేదు. పచ్చసొన మాత్రం చిల్లుల్లోంచి చక్కగా కిందికి కారింది. డాక్టరుగారు నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోయారు. గుడ్డునే కాపాడలేనిది గుండ్రాయిలాంటి నన్నేం కాపాడుతుంది?

ఇప్పటికైనా ఆ ఉద్యోగం మానేసి నా దగ్గరికి రండి. తాపీ నేర్పుతాను.

ఇట్లు,
గుడ్లతో నెగ్గిన మీ మామయ్య

తా.క.: బాబూ, చిల్లుల్లోంచి సొన కడగడానికి నాకు మూడు గంటలు పట్టింది. పాత సిమెంటు దిమ్మని గొయ్యిలోంచి పైకి లాగిన తర్వాత గుమ్మం ముందు మెట్టుగా వేశారు. నిన్న దర్జీ తూలి దానిమీద బోర్లా పడ్డాడు. దిమ్మకి ఏమీ కాలేదు, దర్జీ ముందుపన్ను పోయింది. 'చూశావా ఎంత గట్టిదో' అని ఈయన మురిసిపోతున్నారు. డాక్టరుగారు ఇంకా ఎక్కువ మురిసిపోతున్నారు. నాకు మాత్రం మీరు చెప్పేదేమిటో అర్థమైంది.

*

పూజ్యులు మామయ్యగారికి, అడకత్తెరలో పోకచెక్కలాంటి అల్లుడు నమస్కరించి రాస్తున్నది.

మీ గుడ్ల పరీక్ష గురించి మా గదిలో పెద్దాయనకి చెప్పాను. ఆయన నవ్వలేదు. మీ మామగారికి తెలియకుండానే మంచి పరీక్ష చేశారన్నారు.

దిమ్మ నలగాలంటే దానికి తగిన బరువు పడాలండీ. మీ దిమ్మ లిఫ్టు బరువుకి కట్టిన లెక్క. గుడ్డు ముందు అదీ రాయే. గుడ్డు కోసం చేస్తే గుడ్డుకి తగ్గట్టు చెయ్యాలి. పడేది ఎంత బరువుదో, ఎంత ఎత్తునుంచి పడుతుందో తెలియకుండా కాపాడేదాన్ని తయారుచెయ్యలేం. మరీ గట్టిదైతే నలగదు, పడ్డవాడు నలుగుతాడు. మరీ మెత్తనిదైతే చటుక్కున అణిగిపోయి, మిగిలిన విసురుతో పడ్డవాణ్ణి నేలకి అప్పజెబుతుంది.

మీకు నమ్మకం కలగాలని, కాగితంతో చేసిన ఇంకో తేనెపట్టు దిమ్మ పంపుతున్నాను. దానిమీద గుడ్డు వదిలి చూడండి. పగలదు. ఒక్కోచోట ఒక్కసారే సుమా, నలిగినచోట మళ్ళీ వదలొద్దు.

నమ్మకంతో,
మీ అల్లుడు

తా.క. (అత్తయ్యగారికి మాత్రమే): కాగితం దిమ్మ గుడ్లకే. మామయ్యగారు దాన్ని ఇంకెక్కడా పెట్టకుండా చూడండి. 'ఇంకెక్కడా' అంటే ఎక్కడో మీకు తెలుసు.

*

ఎట్టకేలకి ఒక మంచి వస్తువు పంపిన అల్లుడుగారికి, మామ మెచ్చి దీవించి రాయిస్తున్నది.

అల్లుడుగారూ, ఒప్పుకున్నాను! తప్పు ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు, తప్పు నాది కాదు కాబట్టి. కాగితం దిమ్మమీద గుండెలెత్తు నుంచి ఆరు గుడ్లు వదిలాను. ఒక్కటీ పగల్లేదు. చిన్న గుంట చేసుకుని అందులో పెట్ట పొదిగినట్టు కూర్చున్నాయి. పళ్ళ డాక్టరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దర్జీ కూడా నవ్వాడు, ఆ పన్ను లేకపోయినా.

ఇంత మేలురకం సరుకు ఉండగా ముందు ఆ అల్యూమినియం డొక్కు ఎందుకు పంపారు? సొంత మామకి నాసిరకం, పరీక్షకి మేలురకమా? పోనీ లెండి, పిల్లకాకికి ఏం తెలుసు ఉండేలు దెబ్బ. గుడ్డంత సుకుమారాన్నే కాపాడింది, నాలాంటి గట్టివాణ్ణి కాపాడటం దానికో లెక్కా? అందుకని కాగితం దిమ్మనే లిఫ్టు గొయ్యిలో పెట్టేశాను. మీ అల్యూమినియం దిమ్మ ఇప్పుడు గుమ్మం పక్కన గొడుగులు గుచ్చుకోవడానికి పనికొస్తోంది. అన్ని చిల్లులున్నందుకు ఆమాత్రం ఉపయోగం ఉండాలి.

మేడలో కొంతమంది, తాడు పాతదని, లిఫ్టు ఎక్కబోమని గొణుగుతున్నారట. వచ్చే ఆదివారం అందరూ చూస్తుండగా నేనూ మీ అత్తయ్యా జంటగా లిఫ్టు ఎక్కి నాలుగో అంతస్తుకి వెళ్తాం. ఆ దెబ్బతో అందరి నోళ్ళూ మూతపడాలి.

ఇట్లు,
కాగితం మీద కూడా నిలబడగల మీ మామయ్య

తా.క.: బాబూ, మీరు వద్దన్న సంగతి చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మీకూ తెలుసు. వెంటనే జవాబు రాయండి, ఒక్క ముక్క చాలు. అల్యూమినియం దిమ్మ చిల్లులు పైకేనా? నలిగిన వైపు పైకేనా? గొడుగులు గుచ్చినందువల్ల రెండు చిల్లులు వంగాయి, ఫరవాలేదా?

*

పూజ్యులు మామయ్యగారికి, అల్లుడి నమస్కారాలు.

మీరు లిఫ్టు ఎక్కొద్దు. కాళ్ళు పట్టుకుంటాను, ఎక్కొద్దు. నేను శనివారమే బయలుదేరేవాణ్ణి, సెలవివ్వలేదు. మీ అమ్మాయి ఏడుస్తోంది.

మీ అల్లుడు

తా.క. (అత్తయ్యగారికి మాత్రమే): చిల్లులు పైకి. నలిగిన వైపు పైకి. రెండు వంగితే ఫరవాలేదు. కాగితం దిమ్మ పూర్తిగా తీసెయ్యాలి. గొయ్యిలోకి దిగేముందు లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపి, తలుపుకి అడ్డుకర్ర పెట్టి, తోడు మనిషిని పెట్టుకోండి. అత్తయ్యగారూ, మీరు మాత్రం ఎక్కకండి.

*

చిరంజీవి అల్లుడికి, అత్తయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

బాబూ, ఈసారి తా.క. కాదు, ఉత్తరమంతా నాదే. ముందుగా మీ ఆవిడకి చెప్పండి, వాళ్ళ నాన్న బతికే ఉన్నారు, ఎముక ఒక్కటీ విరగలేదు. చీలమండలు వాచాయి, నడుం పట్టేసింది. నోటికి ఏమీ కాలేదు.

మీ జవాబు శనివారం అందింది. ఆదివారం తెల్లారి ఆయన స్నానానికి వెళ్ళగానే దర్జీని తోడు పిలిచి, మీరు చెప్పినట్టే మెయిన్ ఆపి, అడ్డుకర్ర పెట్టి గొయ్యిలోకి దిగాను. మోకాళ్ళు పెట్టిన కేకలు నాకొక్కదానికే వినబడ్డాయి. కాగితం దిమ్మ తీసేసి, గొడుగుల దిమ్మ పెట్టాను. బరువేముంది, మొదటిరోజే ఒంటిచేత్తో ఎత్తినదాన్ని కదా. ఈలోగా దర్జీ తన పన్ను పోగొట్టిన మెట్టుని రెండుసార్లు తన్ని కాలు నొప్పి చేసుకున్నాడు.

పదింటికి అందరూ చేరారు. ఆయన్ని ఎక్కవద్దని చేతులు పట్టుకున్నాను. విదిలించుకున్నారు. నేను ఎక్కనంటే ఎక్కనన్నాను. పెళ్ళైన నలభై రెండేళ్ళలో ఆయనకి నేను ఎదురుచెప్పడం అదే మొదలు, ఆయన వినిపించుకోకపోవడం మాత్రం ఎన్నోదో లెక్కలేదు. 'నువ్వు లేకపోతే లిఫ్టు కదలదా' అని నా బదులు ఒక సిమెంటు బస్తాని పక్కన నిలబెట్టుకుని ఎక్కారు. మీ లెక్కలో నా బరువు కూడా ఉంది కదా, కాబట్టి లెక్క తప్పలేదు.

లిఫ్టు మొదటి అంతస్తు దాకా లేచింది. ఆయన ఊచల్లోంచి చెయ్యి ఊపారు. అప్పుడు పైన టప్పుమంది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు నేను చెప్పలేను బాబూ. పెద్ద చప్పుడే గానీ రాయిమీద పడ్డ చప్పుడు కాదు. ఎండుటాకుల గుట్టని ఎవరో ఒక్క తొక్కు తొక్కినట్టు కరకరమని కిందికి దిగి ఆగింది. డాక్టరుగారూ దర్జీ తలుపు వంచి లాగారు. బస్తా పగిలి సిమెంటంతా ఆయనమీదే. తల నుంచి కాళ్ళదాకా బూడిదరంగులో, కళ్ళు రెండూ మిటకరిస్తూ, చౌరస్తాలో విగ్రహంలా నిలబడి ఉన్నారు. నేను గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఆయన దిగి, వంగి గొయ్యిలోకి చూశారు. మోకాలెత్తు దిమ్మ జానెడైంది. మడతమీద మడత, ఎంత పొందికగా నలిగిందో! తర్వాత నావైపు తిరిగి అన్న మొదటి మాట వినండి. "దిమ్మ ఎవరు మార్చారు? కాగితం దిమ్మ ఉండి ఉంటే ఇంకా మెత్తగా దిగేవాణ్ణి కదా! అన్నిట్లో నీ వేలు పెట్టకపోతే తోచదా?" అందరి ముందూ అలాగే పావుగంట.

కాగితం దిమ్మ అయితే అప్పడంలా అణిగి ఆయన్ని నేలకి అప్పజెప్పేదని మీరు రాసిన ఉత్తరం నాకు కంఠతా వచ్చు. అప్పుడు నేను వింటున్నది ఆయన మాట కాదు, మీ ఉత్తరంలో మాట.

బాబూ, కూలీలు రాకపోతే ఆ కోపం నామీదే పడింది. ఇటుక బాగాలేకపోయినా నామీదే పడింది. పిల్లమీద పడబోయినప్పుడల్లా మధ్యలోకి నేనే వెళ్ళాను. మీ ఆవిడ దెబ్బ తగలకుండా పెరిగిందంటే ఇదీ కారణం. ఊరంతా ఈయన్ని గట్టి మనిషంటారు. కింద మెత్తగా ఇంకొకరు ఉంటే ఎవరైనా గట్టిగానే ఉంటారు. మీ ఉత్తరాలు చదివి వినిపిస్తుంటే ఒకే ముక్క దగ్గర రెండుసార్లు ఆగి మళ్ళీ చదివాను. తడబడ్డాననుకున్నారు.

ఒకసారి నలిగింది మళ్ళీ పనికిరాదు, దాన్ని తీసెయ్యాలని మీరే రాశారు. గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. మీ ఇంటికి మెట్లు లేవు కదా, అదొక్కటి చాలు. తిరుగు టిక్కెట్టు తీసుకోలేదు.

మీ అత్తయ్య

తా.క.: ఇది మామయ్యని. సొంత చేత్తో రాస్తున్నాను, అక్షరాలు గోడలా నిలబడవు, సర్దుకోండి. మీ అత్తయ్య ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యమని నాకిచ్చి పెట్టె సర్దుకోడానికి వెళ్ళింది. కవరు అంటించలేదు. దర్జీ కళ్ళద్దాలు అడిగి తెచ్చుకుని చదివాను. కావాలనే అంటించలేదని మూడోసారి చదివాక తెలిసింది. లిఫ్టుకి కొత్త తాడు వేయిస్తున్నాను, ఈసారి తెలిసినవాళ్ళ చేత. దానికింద పెట్టడానికి ఒక దిమ్మ పంపండి, ఏమీ పొయ్యను. ఇంట్లోకి కూడా ఒకటి కావాలి. మీకు లెక్కలు కావాలంటారు కదా, రాసుకోండి. బరువు డెబ్బై నాలుగు కిలోలు. ఎంత ఎత్తునుంచి పడతానో మీ అత్తయ్యని అడగండి.